అమలాపురం కర్రసాము శిక్షణశాల: ఆత్మరక్షణకు ఎంతవరకు పనికొస్తుంది?

దసరా ఊరేగింపుల్లో చెడీ తాలింఖానా పేరిట కర్రసాము, కత్తిసాము ప్రదర్శించే అమలాపురంలో, ఆ విద్యను ఏడాది పొడవునా నేర్పే చోటు ఉండడం ఎంతో సంతోషకరం. మా అబ్బాయితో పాటు నేనూ చేరిన ఈ శిక్షణశాలలో వస్తాదుగారు ముందుగా కర్ర చేతికివ్వరు. అడుగు మార్చడం, నడుము తిప్పడం, ఎదుటివారికీ మనకూ మధ్యనున్న దూరాన్ని కంటితో కొలవడం కుదిరాకే వెదురుకర్ర పట్టనిస్తారు. ఇది సరైన పద్ధతి. కత్తి పట్టినవాడిని దగ్గరికి రానీయకుండా నిలువరించగలగడమే పొడవాటి కర్ర ఇచ్చే అసలు బలం, ఇరుకు సందులో చిక్కుకుంటే మాత్రం దానిని తిప్పే చోటే ఉండదు. ఆయుధాల చట్టం, 1959 అమల్లో ఉండగా పెద్ద కత్తిని ఇష్టమొచ్చినట్టు వెంటబెట్టుకుని తిరగడం కుదరదు కనుక, కత్తిసామును కళగానూ దేహ సాధనగానూ నేర్చుకోవలసిందే.

నాకు కనిపించిన పెద్ద లోటు జత సాధనలో ఉంది. దెబ్బలన్నీ ముందే కుదుర్చుకున్నవి. తలకు హెల్మెట్, చేతులకు గ్లౌజులు తొడిగి, మెత్తటి కర్రలతో, దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియకుండా ఆడించనిదే ఆపదలో అక్కరకొచ్చే నేర్పు అలవడదని నా గట్టి అభిప్రాయం. ఈ మార్పు తప్పక చేయాలి. పండుగకు ముందు సమయమంతా ప్రదర్శనకే పోతుంది కాబట్టి, పిల్లలను దసరా వెళ్లాక చేర్పించడం మేలు.