జైపూర్‌లో కెంపు కొనబోతే

ఆటోవాడు తీసుకెళ్లే రాళ్ల షోరూమ్‌లో కాలు పెట్టకండి, జైపూర్ గురించి నేను చెప్పే మొదటి మాట ఇదే. అమేర్ కోట, హవా మహల్ బాగున్నాయి, బనీ పార్క్ వైపు రూమ్ రోజుకు 2,400, శుభ్రంగానే ఉంది. మేం వెళ్లిన అసలు పని వేరు: సిద్ధాంతిగారు అన్నయ్యను మూడు రత్తీల (రత్తీ అంటే రాళ్ల తూకంలో ఒక కొలత) కెంపు పెట్టుకోమన్నారు, రాళ్లు సానపట్టే ఊళ్లోనే కొందామని వదిన పట్టు.

అమేర్ నుంచి వస్తుంటే, 350కి మాట్లాడుకున్న ఆటోవాడు ‘ఫ్యాక్టరీ, ఊరికే చూడండి’ అని ఒక షోరూమ్ ముందు ఆపాడు. లోపల ఏసీ, మసాలా చాయ్, మేడమ్ మేడమ్ అంటూ ఒకటే మర్యాదలు. బర్మా కెంపట, ఐదు క్యారెట్ల పైనే, షాపువాడు గాజు పలక మీద గీసి చూపించాడు. గీత పడింది కాబట్టి జాతిరాయేనట! గోమేధికంతో గీసినా గాజు మీద గీత పడుతుంది. మంటలో తయారుచేసిన కెంపుతో గీసినా పడుతుంది, ఎందుకంటే దాని గట్టిదనం కూడా అసలు కెంపుదే, పది దాకా ఉండే కొలతలో 9. వెర్నూయి అనే ఫ్రెంచాయన 1902లోనే ఆ పద్ధతి బయటపెట్టాడు, మన అమ్మమ్మల కెంపు కమ్మల్లో కొన్నింట్లో ఉన్నవి ఆ రాళ్లే. 62,000 అన్నవాడు పది నిమిషాల్లో 26,000కి దిగాడు, వదిన మురిసిపోయి 2,000 అడ్వాన్స్ ఇచ్చేసింది.

మిగతా డబ్బు ల్యాబ్‌లో చూపించాకే ఇస్తాం, బిల్లు మీద ‘సహజ కెంపు, గాజు నింపలేదు’ అని రాయండి అన్నాను (నాసి రాళ్ల పగుళ్లలో గాజు నింపి అమ్ముతారు). అంతే, మేడమ్ అన్న పిలుపు ఆగిపోయింది. మా సర్టిఫికెట్ ఉందిగా అని ఒక లామినేషన్ కార్డు పెట్టాడు, దాని మీద ఉన్నది వాళ్ల షాపు పేరే. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరట, కావాలంటే వెండి ఉంగరం తీసుకోమన్నాడు. అంతదాకా నోరు విప్పని అన్నయ్య ‘ఆ రెండు వేలు వాడి మొహాన కొట్టి పదండి’ అన్నాడు. రాత్రి దాల్ బాటీ ప్లేటు 280, పక్కన అన్నం లేదు, ఆ కోపం కూడా వదిన మీదే.

మర్నాడు జోహరీ బజార్ పక్కన హల్దియోం కా రాస్తాలో, మేడ మీద చిన్న గది, తెల్ల దుప్పటి పరిచిన పరుపులు. చెప్పులు విప్పి కూర్చున్నాం. రాళ్లమ్మే పెద్దాయన ట్యూబులైటు ఆర్పేసి కిటికీ దగ్గర కాగితం పొట్లం విప్పారు. షోరూమ్ లైట్ల కింద ఏ ఎర్రరాయైనా మెరుస్తుంది, పగటి వెలుతురులో చూస్తేనే రంగు తెలుస్తుంది అన్నారు. పదింతలు చూపే భూతద్దం చేతికిచ్చి, ముందు తనే గాజు నింపిన రాళ్లు చూపించారు. వంచి చూస్తే పగుళ్లలో నీలం మెరుపు, సోడాలోలాగా సన్నటి బుడగలు. క్యారెట్ 400 అట. ఆ సీసపు గాజు నిమ్మరసానికే పాడవుతుంది, కంసాలి మంట తగిలితే ఇక చెప్పక్కర్లేదు. పెద్ద కెంపు, లోపల నలుసు లేదు, పైగా చౌక అన్నారంటే లేచి వచ్చేయండి.

ధర రత్తీల్లో చెబితే ఒప్పుకోకండి, రత్తీ బరువు ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కేస్తారు. ఐదు క్యారెట్లు ఒక గ్రాము, అందులో తేడా ఉండదు. పెద్దాయన లెక్కలో రత్తీ 0.91 క్యారెట్, అంటే మాకు కావాల్సింది 2.73. తీసుకున్నది 2.80, మొజాంబిక్ రాయి, క్యారెట్ 11,000 చొప్పున 30,800. రంగు తేరడానికి వేడి చేసిన రాయని ఆయనే చెప్పారు. కెంపుల్లో అది మామూలే, చెప్పకుండా అమ్మితేనే తప్పు. ల్యాబ్ మాట ఎత్తగానే అడ్రసు తనే రాసిచ్చారు. రత్నాలు, నగల ఎగుమతి మండలి వాళ్లు 1972లో పెట్టిన ల్యాబ్ ఆ ఊళ్లోనే ఉంది. సగం డబ్బిచ్చాం, రిపోర్టులో సహజ కెంపు, వేడి చేసింది, గాజు లేదు అని వచ్చాక మిగతాది ఇచ్చాం.

ఆదివారం మాత్రం వెళ్లకండి, బజార్లో చాలా దుకాణాలు మూసే ఉంటాయి. ఉంగరం అక్కడే చేయిద్దామని వదిన, తెనాలిలో మన కంసాలి ఉండగా ఇక్కడెందుకని అన్నయ్య. ఈసారి అన్నయ్య మాటే నెగ్గింది.