మూత విప్పినా గుట్టు విప్పని ఆంప్లిఫయర్

విశాఖ డాబా గార్డెన్స్‌లోని ఒక దుకాణంలో కొన్న చిన్న స్టీరియో ఆంప్లిఫయర్‌ గురించి ఈ సమీక్ష. బ్లూటూత్, యూఎస్‌బీ, డిజిటల్ సంకేతాన్ని ధ్వని సంకేతంగా మార్చే డాక్ (డీఏసీ) లోపలే ఉన్న పెట్టె ఇది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. లోపలి భాగాల వివరాలు దాచే గోప్యత ఆ ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు.

ముందు ధ్వని సంగతి. ఎంవీపీ కాలనీలోని మధ్యస్థమైన హాల్లో, 8 ఓమ్‌ల బుక్‌షెల్ఫ్ స్పీకర్లతో విన్నప్పుడు గాత్రం నిండుగా, స్పష్టంగా ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్‌లో కమాను మలుపులు చక్కగా తెలిశాయి, అయితే అంత పాత రికార్డింగులతో డాక్‌ను అంచనా వేయడం న్యాయం కాదు. పాట ఆగినప్పుడు స్పీకరుకు చెవి ఆనిస్తే సన్నని హిస్ వినిపిస్తుంది. కుర్చీలో కూర్చున్నవారికి వినపడదు.

పేచీ పెట్టె మీది అంకెలతో మొదలవుతుంది. చానెల్‌కు 100 వాట్ల చొప్పున అని అచ్చు వేశారు. వెంట ఇచ్చిన అడాప్టర్ మాత్రం 19 వోల్టులు, 4.74 ఆంపియర్లు, అంటే మొత్తం 90 వాట్లు. ఒక బిందె నీళ్లతో రెండు బిందెలు నింపుతామన్నట్టుంది. ఆ వోల్టేజీతో డిస్టార్షన్ (ధ్వని వికృతం కావడం) లేకుండా 8 ఓమ్‌ల స్పీకరుకు అందగలిగేది, లెక్క ప్రకారం, చానెల్‌కు సుమారు 22 వాట్లు. నిజానికి మా హాలుకు అది చాలు. ఆ మాటే రాస్తే సరిపోయేది.

మూత విప్పించి చూస్తే ప్రధానమైన ఐసీ (చిప్పు) మీద నంబరును గీకేశారు. చిప్పు పేరు చూసి ధ్వనిని నిర్ణయించడం తప్పని, పవర్ సప్లై, అవుట్‌పుట్ దశ, బోర్డు అమరిక అంతకంటే ముఖ్యమని తయారీదారులు చెప్పే మాట నిజమే. కానీ అది ఆ మిగతా వివరాలు కూడా చెప్పవలసిన కారణం అవుతుందే తప్ప, ఉన్న నంబరును గీకేయడానికి సమర్థన కాదు. వ్యాపార రహస్యమన్న వాదన కూడా నిలవదు: బ్రిటన్‌కు చెందిన కార్డ్ ఎలక్ట్రానిక్స్ మోజో అనే తన చిన్న డాక్‌లో జైలింక్స్ సంస్థ చిప్పు వాడినట్టు బాహాటంగానే చెప్పింది, అసలు విద్య అందులో నడిచే సొంత ప్రోగ్రాములో ఉంది కనుక దానికి వచ్చిన నష్టమేమీ లేదు.

వివరాలు ఎందుకు కావాలో 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెఒకలో ఏకేఎం సంస్థ చిప్పుల కర్మాగారం కాలిపోయినప్పుడు బాగా తెలిసింది. డాక్ చిప్పులకు కొరత వచ్చి, ఎందరో తయారీదారులు వేరే చిప్పులకు మారవలసి వచ్చింది. ఫియో సంస్థ కే5 ప్రో అనే తన డాక్‌లో చిప్పు మార్చినప్పుడు పేరు చివర కొత్త చిప్పు తయారీ సంస్థ పేరైన ఈఎస్ఎస్ అని చేర్చింది. కొనేవాడికి ఏది పాతదో ఏది కొత్తదో తెలిసింది. నా పెట్టె మీద మోడల్ పేరు తప్ప బోర్డు వెర్షన్ అన్నదే లేదు. రేపు అదే పేరుతో లోపల ఇంకొకటి పెట్టి అమ్మినా, ఇవాళ నేను రాసిన ఈ సమీక్ష దేని గురించో ఎవరూ తేల్చలేరు.

విశాఖలో ఇంకో అవసరం కూడా ఉంది. సముద్రపు ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుము పడతాయి, బోర్డు మీద సన్నని గీతలు తెగుతాయి. ఇక్కడ ఆడియో పెట్టెలు రిపేరుకు వెళ్లడం మామూలు విషయం. నంబరు లేని ఐసీ కాలిపోతే మెకానిక్ దాని బదులు ఏది తెప్పించాలి? కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది గానీ, గీకేసిన నంబరును అది తిరిగి తేలేదు.

8 ఓమ్‌ల చిన్న స్పీకర్లు ఉండి, గది మరీ పెద్దది కాకపోతే దీని ధ్వని నిరాశపరచదు. పెట్టె మీది 100 వాట్లను నమ్మి పెద్ద టవర్ స్పీకర్లకు కలపాలనుకునేవారు మాత్రం దీన్ని కొనవద్దు. ఎన్ని ఓమ్‌లకు, ఎంత శాతం డిస్టార్షన్ దగ్గర ఎన్ని వాట్లో రాసిన వేరే ఆంప్లిఫయర్ అడిగి, తమ స్పీకర్లతోనే విని తీసుకోవడం మంచిది.