సంతకం పెట్టాల్నా, వద్దా: టోనీ మాట మేలా, క్యాప్ మాట మేలా?

మా నల్లగొండల మార్వెల్ సినిమాలు చూసే పోరగాళ్లు రెండు పార్టీలు. 2016ల 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' వచ్చినప్పటి సంది చాయ్ హోటల్ కాడ గదే లొల్లి: హీరోలను ఐక్యరాజ్యసమితి చెప్పుచేతల పెట్టే సొకోవియా ఒప్పందం మీద వాళ్లు సంతకం పెట్టాల్నా, వద్దా? ఐరన్ మ్యాన్ టోనీ పెట్టాలంటడు, కెప్టెన్ అమెరికా స్టీవ్ (క్యాప్) వద్దంటడు.

పెట్టాలన్నోళ్ల మాటల బలముంది. లాగోస్‌ల పేలుతున్న బాంబును వాండా అనే హీరో తన శక్తితోని పైకి లేపింది. కింద జనం బతికిన్రు, పక్క బిల్డింగుల ఉన్నోళ్లు పోయిన్రు. సాయం చెయ్యనీకి వచ్చిన వకాండా (సినిమాల ఆఫ్రికా దేశం) మనుషులు గూడ అండ్లనే ఉన్నరు. ఆమెది తప్పని నేననను. మరి సచ్చినోళ్ల ఇంటోళ్లు ఎవర్ని అడగాలె? అల్ట్రాన్ అనే రోబోను తయారు చేసిన టోనీకే, గా రోబో దాడి చేసిన సొకోవియా దేశంల కొడుకును పోగొట్టుకున్న తల్లి మొఖం మీద అడిగినంక సోయొచ్చింది.

కానీ కాయితంల ఏమున్నది? 117 దేశాలు ఒప్పుకున్నయ్. ఐక్యరాజ్యసమితి కమిటీ పొమ్మంటేనే పోవాలె, లేకుంటే కూసోవాలె. గిదే నాకు ఎక్కదు. 2012 సినిమాల న్యూయార్క్ మీదికి అణు మిస్సైల్ వదలమన్నది గిసొంటి పెద్దమనుషుల కౌన్సిలే. టోనీ దాన్ని మోసుకపోయి ఏలియన్లు దిగుతున్న పోర్టల్‌ల పడెయ్యకుంటే మన్‌హటన్ బూడిదే. "కమిటీల కూసునేటోడు ఎవడన్నా?" అని క్యాప్ పార్టీ తమ్ముడు అడిగితే టోనీ పార్టీ అన్న ఇంకో చాయ్ చెప్తడు.

మన నాగార్జునసాగర్‌నే చూడుండ్రి. కృష్ణా నీళ్ల సంగతి చూసే బోర్డు 2014ల పెట్టిన్రు. అయినా 2023 నవంబర్ ఆఖర్ల డ్యాం 26 గేట్లల్ల 13 ఆంధ్ర పోలీసుల చేతిలకు పోయినయ్, కేంద్ర బలగాలు దిగాల్సొచ్చింది. రెండు రాష్ట్రాలకే గిట్లయితే, 117 దేశాలు ఒక్క మాట మీదికొచ్చే దాక ఏలియన్లు ఆగుతరా?

2006ల మొదలైన కామిక్స్ కథ వేరే. టీవీ షో కోసం విలన్ల మీదికి పోయిన కుర్ర హీరోల తొందరకు స్టాంఫర్డ్‌ల బడి కాడ పేలుడై 600 మందికి పైగా సచ్చిన్రు. గప్పుడొచ్చిన చట్టం పేరు నమోదు చేసుకోమంటది, శిక్షణ తీసుకోమంటది. శిక్షణ మంచిదే. అసలు పేరు బయటపెట్టుడే కష్టం: స్పైడర్‌మ్యాన్ టీవీల ముసుగు తీసిండు, తర్వాత తుపాకి గుండు అతన్ని పెంచిన ఆంట్ మేకి తగిలింది.

నన్నడిగితే పోయే ముందు అనుమతి వద్దు. వచ్చినంక విచారణ, నష్టపరిహారం తప్పనిసరి. క్యాప్ పార్టీ గిది గూడ ఒప్పుకోదు. టోనీ అమ్మానాయనల సావు సంగతి స్టీవ్ దాచిపెట్టిండు గదా, గసొంటి మంచోణ్ని గూడ నిలబెట్టి అడిగేటోళ్లుండాలె. సంతకం పెట్టని హీరోలను వేసిన రాఫ్ట్ జైలు మాత్రం ఎవ్వరికీ వద్దు. కోర్టు మొఖం చూపియ్యకుంట సముద్రం నడిమిట్ల తాళమేసుడు ఏ చట్టమో అమెరికా మంత్రి రాస్ సాబ్ చెప్పనే లేదు.