కీ తిప్పే టైమర్: రెండు వానాకాలాలు వాడాక

వంటింటి టైమర్ గురించి చెప్పడానికి ఏముంటుంది? తిప్పితే టిక్కుటిక్కుమంటుంది, టైమైతే గంట కొడుతుంది. కానీ ఆరంభశూరత్వం ఒంట్లో ఉన్నవాళ్లకి దీనిలో ఒక గుణం బంగారం: వాయిదా వేసే బటన్ లేదు. ఫోన్ అలారం ఆపాలంటే ఫోన్ చేతిలోకి తీసుకోవాలి. మినప్పప్పు నానబెట్టాలని అలారం పెట్టుకుంటే, అరగంటకి చేతిలో అక్వేరియం ఫిల్టర్ల ధరలుంటాయి, పప్పు డబ్బాలోనే ఉంటుంది.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి 1980ల చివర్లో ఇటలీ విద్యార్థి ఫ్రాన్సెస్కో సిరిల్లో చేతిలో ఇలాంటి టమాటా బొమ్మ టైమర్‌తోనే పుట్టింది. చదువుకి బాగుంటుంది. ఇంటిపనికి అదే లెక్క పెడితే కుదరదు, ఎందుకంటే ఇంటిపని ఆగిపోయేది తోక దగ్గర. బట్టలు మెషీన్‌లో వేయడం ఎవరూ మర్చిపోరు, తీయడం మర్చిపోతారు. ఆరేయడమూ అవుతుంది, ఆరినవి వారం రోజులు కుర్చీ మీద కూర్చుంటాయి. గంట పెట్టాల్సింది ఆ మర్చిపోయే మెట్టుకి. మెషీన్ 50 నిమిషాలు చూపిస్తే టైమర్ 53కి తిప్పాలి. ఆరిన బట్టలు లోపలికి తెచ్చిన చేత్తోనే ఇంకో 12 నిమిషాలకి తిప్పాలి: మడతలు, అలమర. బకెట్టుడు బట్టలకి అది సరిపోతుంది. జూలైలో విశాఖ తేమకి రాత్రంతా డ్రమ్ములో ఉండిపోయిన బట్టలు ముక్కిపోయిన వాసనేస్తాయి, మళ్లీ ఉతకాల్సిందే.

10 నిమిషాల లోపు పెట్టాలంటే సూటిగా అంకె మీదికి తిప్పకూడదు. స్ప్రింగు చాలినంత బిగియదు, గంట మూలిగి ఊరుకుంటుంది. 30 దాకా తిప్పి వెనక్కి తేవాలి. 60కి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది, ఇంటిపనికి పర్వాలేదు. బోర్లించిన స్టీలు పళ్లెం మీద పెడితే గంట పక్క గదిలోకీ వినిపిస్తుంది.

ఇక దెబ్బ కొట్టింది మొదటి వానాకాలం తర్వాత. సముద్రపు గాలి కిటికీ గ్రిల్లుని తిన్నట్టే దీన్నీ తింది. ముల్లు 20 దగ్గరికొచ్చి ఆగిపోయేది. ఆగినట్టు చెప్పదు, అదే అసలు గొడవ. గంట మోగలేదంటే ఇంకా టైముందని నమ్ముతాం. టిక్కుమనే చప్పుడు లేదని గమనించేసరికి తెల్లారుతుంది. స్ప్రింగు పూర్తిగా జారనిచ్చి, వెనక మూడు స్క్రూలు విప్పితే చిన్న పళ్లచక్రం ఇరుసు దగ్గర ఎర్రటి పొడి. చేతికందిందని కొబ్బరినూనె చుక్క వేయడం తప్పు. నవంబరు దాకా ఆడింది, డిసెంబరు రాత్రుల చలికి నూనె పేరుకుని మళ్లీ ఆగింది. ఆ జిడ్డంతా స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, టైలరింగ్ సామాన్ల కొట్లో దొరికే కుట్టుమిషన్ నూనె టూత్‌పిక్ మొనతో ఇరుసులకి మాత్రమే అంటించాలి. పళ్లకి పూస్తే దుమ్ము పట్టి బంకవుతుంది. స్ప్రింగు ఉన్న గూడు మాత్రం తెరవకండి, వేళ్లు తెగుతాయి. అప్పట్నుంచి దీని చోటు పొయ్యికీ కిటికీకీ దూరంగా. వాడనప్పుడు మూతున్న డబ్బాలో, తేమ పీల్చే రెండు సిలికాజెల్ పొట్లాలతో.

బంగారం అన్నానుగా, దాన్లో కొంచెం రాగి కలపాలి. చప్పుడు మీద మోజు మూడు వారాలే, ఆ తర్వాత చెవి దాన్ని ఫ్యాను చప్పుడులో కలిపేసుకుంటుంది. చోటు మారిస్తే మళ్లీ కొన్నాళ్లు వినిపిస్తుంది: ఒక వారం ఫ్రిజ్ మీద, ఒక వారం బట్టల అలమర దగ్గర. పని మొదలెట్టడానికైతే ఇది సాయం చేయదు, ఎవరో ఒకరు దాన్ని తిప్పాలి కదా. కొత్త సరదాలకి మాత్రం ఊహించని లాభం ఉంది. క్రోషే అయినా కీబోర్డు అయినా సామాను కొనేముందు అరువు సామానుతో 20 నిమిషాల చొప్పున పదిసార్లు తిప్పి చూడాలి. తాటాకు మంటలు చాలావరకు నాలుగోసారికే ఆరిపోతాయి, డబ్బులు మిగులుతాయి.

ఇది వైద్యం కాదని కూడా అనుకోవాలి. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, నిలకడ కుదరనివ్వని మానసిక సమస్య, అని తేల్చడానికి కొన్ని లక్షణాలైనా 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలని అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే రోగనిర్ధారణ పుస్తకం షరతు. అంత అనుమానం ఉంటే టైమర్ పక్కన పెట్టి సైకియాట్రిస్టుని కలవాలి. విశాఖ వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునేవాళ్లో, చంటిపిల్లలో ఉన్న ఇంట్లో ఈ గంట పెద్ద తగాదా. ఒంటరిగా ఉండేవాళ్లకి, అదీ పనులు తోక దగ్గర ఆగిపోయేవాళ్లకి, నా లెక్కలో కొనదగ్గదే. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఇల్లయితే రెండు తీసుకోండి, ఒకటి డబ్బాలో ఉంటుంది.