షెల్టర్ పిల్లి ఏ జాతిది: చూసి చెప్పడమా, డీఎన్‌ఏ పరీక్షా?

షెల్టర్ నుంచి పిల్లిని తెచ్చుకున్నామంటే చాలు, చూసినవాళ్లంతా అడిగేది "ఇది ఏ బ్రీడ్?" అనే. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. బొచ్చు గుబురుగా ఉంటే మెయిన్ కూన్, బూడిద రంగైతే రష్యన్ బ్లూ, మూతీ చెవులూ నల్లగా ఉంటే సయామీస్. షెల్టర్ వాళ్లు కార్డు మీద రాసేది కూడా చాలాసార్లు ఇలాంటి అంచనానే. దాన్ని నమ్మాలా, డబ్బు పెట్టి పరీక్ష చేయించాలా, అసలు ఆ గొడవే వదిలేయాలా?

చూసి చెప్పడానికి ఖర్చు లేదు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. చిక్కేమిటంటే, మనం బ్రీడ్ గుర్తులు అనుకునేవాటిలో చాలా ఏ వీధి పిల్లికైనా రాగలవు. నుదుటి మీద ఇంగ్లిష్ ఎమ్ అక్షరం లాంటి మచ్చ చూసి మెయిన్ కూన్ అని మురిసిపోతారు గానీ, ఏ చారల పిల్లిని దగ్గరగా చూసినా ఆ ఎమ్ ఉంటుంది. పొడవాటి బొచ్చు, బూడిద రంగు రెండూ అంతర్గత (రిసెసివ్) లక్షణాలు, అంటే ఆ జన్యువు అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ వస్తేనే పైకి కనిపిస్తాయి. అమ్మా నాన్నా ఇద్దరూ పొట్టి బొచ్చు పిల్లులే అయినా, ఇద్దరిలోనూ ఆ జన్యువు దాగి ఉంటే ఒక పిల్ల గుబురుగా పుట్టవచ్చు.

సయామీస్ రంగు కథ ఇంకా బాగుంటుంది. ఆ పిల్లుల్లో రంగు తయారుచేసే ఎంజైమ్ ఒంటి వేడికి సరిగ్గా పనిచేయదు, చల్లగా ఉన్నచోట పనిచేస్తుంది. అందుకే పుట్టినప్పుడు దాదాపు తెల్లగా ఉండి, తర్వాత చెవుల కొసలు, మూతి, పాదాలు, తోక ముదురు రంగుకు తిరుగుతాయి. ఆపరేషన్ కోసం పొట్ట దగ్గర బొచ్చు గీస్తే, చలి తగిలిన ఆ చోట కొత్త బొచ్చు ముదురుగా వస్తుంది కూడా. ఈ జన్యువు వీధి పిల్లుల్లోనూ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి రంగొక్కటే చూసి సయామీస్ అనలేం.

చూపు కాస్త పనికొచ్చేది ముఖం బాగా చదునుగా ఉన్నప్పుడు, బొచ్చు ఉంగరాలు తిరిగినప్పుడు, చెవులు ముందుకు మడిచినట్టున్నప్పుడు. మడత చెవుల స్కాటిష్ ఫోల్డ్‌లన్నిటికీ మూలం 1961లో స్కాట్లండ్‌లోని ఒక పొలంలో కనిపించిన సూసీ అనే పిల్లి. అయితే చెవిలో రక్తం గడ్డకట్టినా చెవి ముడుచుకుపోతుంది, ప్రమాదంలో తోక పోయిన పిల్లిని తోక లేకుండా పుట్టే మాంక్స్ జాతి అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక డీఎన్‌ఏ పరీక్ష. చిన్న బ్రష్‌ను బుగ్గ లోపల, చిగుళ్ల పక్కన కొన్ని సెకన్లు తిప్పాలి. అంతకుముందే తిండి తిని ఉండకూడదు. తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుంటే గోళ్ల నుంచి కొంత రక్షణ. ఆ తర్వాత వచ్చే రిపోర్టును ఎలా చదవాలన్నదే అసలు సంగతి.

కుక్కల విషయంలో "ఇందులో సగం ల్యాబ్రడార్" అంటే అర్థముంది. చాలా దేశాల్లో మిశ్రమ కుక్కల వెనక నిజంగానే జాతి కుక్కలు ఉంటాయి. పిల్లుల చరిత్ర దాదాపు తలకిందులు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో పెద్ద క్యాట్ షో జరిగాకే బ్రీడింగ్ మోజు ఊపందుకుంది. అంటే మామూలు పిల్లుల్లోంచి ఏరుకుని జాతులను తయారుచేశారు. మీ పిల్లి రిపోర్టులో పది శాతం పర్షియన్ అని వస్తే, ముత్తాత పర్షియన్ అని కాదు, మీ పిల్లి పూర్వీకులూ పర్షియన్‌ల పూర్వీకులూ ఒకే గుంపులోంచి వచ్చి ఉండవచ్చు. 2008లో వచ్చిన ఒక జన్యు అధ్యయనంలో పర్షియన్ పిల్లులే తమ పేరులో ఉన్న పర్షియా (ఇరాన్) ప్రాంతాన్ని వదిలేసి పశ్చిమ ఐరోపా మామూలు పిల్లులకు దగ్గరగా తేలాయి! పైగా ఒక్కో ల్యాబ్ తన దగ్గరున్న నమూనాలతోనే పోల్చుతుంది, కాబట్టి ఒకే పిల్లికి రెండు చోట్ల రెండు రకాల శాతాలు రావచ్చు.

అదే పరీక్షలో ఆరోగ్యానికి సంబంధించిన భాగం ఉంటే మాత్రం నా ఓటు దానికే. పర్షియన్‌లలో కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే జబ్బుకు ఆ జన్యువు ఒక్క కాపీ ఉన్నా చాలు. మెయిన్ కూన్, రాగ్‌డాల్ పిల్లుల్లో గుండె కండరం మందమయ్యే జబ్బుతో ముడిపడ్డ మార్పులు తెలిసినవే. రక్తం గ్రూపు కూడా తెలుస్తుంది. బి గ్రూపు పిల్లికి ఎ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. బి గ్రూపు బ్రిటిష్ షార్ట్‌హెయిర్, డెవన్ రెక్స్ లాంటి జాతుల్లో ఎక్కువ. ఒక జాగ్రత్త: గుండె జన్యువు నెగటివ్ వచ్చిందని టెన్షన్ తీరిపోయినట్టు కాదు, ఆ మార్పు లేకుండానే జబ్బు వచ్చే పిల్లులున్నాయి. డాక్టరుకు గుండె చప్పుడులో తేడా వినిపిస్తే ఎకో (గుండె స్కాన్) తీయించాల్సిందే.

అందుకే డబ్బు ఒక్కదానికే సరిపోతే నేనైతే డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాను. చదును ముఖమైతే ఊపిరి, కళ్లు, పళ్లు చూపించాలి. మడత చెవులైతే కీళ్లు, ఎందుకంటే చెవిని మడిచే ఆ జన్యు మార్పే ఎముకలనూ మృదులాస్థినీ దెబ్బతీస్తుంది. డబ్బు ఇంకా మిగిలితే ఆరోగ్య భాగం ఉన్న పరీక్ష. జాతి శాతాలు సరదాకు చదువుకోవచ్చు.

పిల్లిని ఇంకా ఎంచుకోని వాళ్లు కార్డు మీది జాతి పేరు చూసి స్వభావం ఊహించుకోకండి. ఎదిగిన పిల్లి అయితే అది ఒళ్లోకి వస్తుందా, చెయ్యి చాపితే వెనక్కి జరుగుతుందా అన్నది అక్కడే కనిపిస్తుంది. షోలకు తీసుకెళ్లాలనే ఆశ ఉన్నా జాతి తేలనక్కర్లేదు. క్యాట్ షోలు నడిపే సంస్థలు సీఎఫ్‌ఏ, టీఐసీఏ రెండూ మామూలు ఇంటి పిల్లుల కోసం హౌస్‌హోల్డ్ పెట్ అనే విభాగం నడుపుతాయి, అక్కడ వంశవృక్షం పత్రాలు అడగరు.