మీనా డబ్బాల కోసం లండనా, జెనీవానా?

హ్యూగెనోలు, అంటే ఫ్రాన్స్ ప్రొటెస్టంట్లు, చేసిన మీనా పని (లోహం మీద కాల్చి అతికించిన రంగు గాజు) చూడాలంటే ఎక్కడికెళ్లాలి? ముక్కుపొడుం వేసుకునే పాతకాలపు బంగారు డబ్బాలనగానే లండన్‌లో అందరూ వాలెస్ కలెక్షన్‌కి దారి చూపిస్తారు. టికెట్ లేదు, డబ్బాలు బోలెడు. కానీ వాటిలో ఎక్కువ పారిస్ పని. 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, ప్రొటెస్టంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని రద్దు చేశాక హ్యూగెనో కంసాలులు ఊళ్లొదిలి పోయారు. 18వ శతాబ్దపు పారిస్ డబ్బాలో వాళ్ల చేతిపని దొరకడం కష్టం.

ఆ లెక్కన విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని గిల్బర్ట్ సేకరణ నయం. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ది గ్రేట్ డబ్బాలు అక్కడున్నాయి. బెర్లిన్‌లో అలాంటివి చేసిన దనియల్ బోదెసోన్ హ్యూగెనో ఇంటివాడే. కాకపోతే ఆ డబ్బాల్లో రంగురాళ్ల సోకే ఎక్కువ. ఆ గదులు తెరిచున్నాయో లేదో ముందే చూసుకోండి. శుక్రవారమైతే మ్యూజియం రాత్రి 10 దాకా ఉంటుంది.

బస ఎర్ల్స్ కోర్ట్‌లో మేలు. హీత్రో నుంచి పికడిలీ లైన్‌లో నేరుగా దిగొచ్చు, మ్యూజియం స్టేషన్ సౌత్ కెన్సింగ్టన్ అక్కడికి రెండోది. పాత ఇళ్లను హోటళ్లుగా మార్చినవి చాలా ఉంటాయి, లిఫ్ట్ ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి.

అసలు మీనా చూడాలంటే జెనీవాయే. పాటెక్ ఫిలిప్ మ్యూజియం రెండో అంతస్తులో ఉఓ అనే మీనా చిత్రకారుల కుటుంబం చేసిన గడియారపు డొప్పలున్నాయి. తండ్రి ఫ్రాన్స్ నుంచి వచ్చిన కంసాలి, కొడుకులిద్దరు 1686లో బెర్లిన్ కొలువుకు వెళ్లారు. పని తీరు ఇదీ: బంగారు రేకు మీద తెల్ల మీనా పరిచి కాల్చాలి, దానిపై లోహపు రంగులతో బొమ్మ గీసి మళ్లీ మళ్లీ కాల్చాలి. రేకు వెనకవైపూ మీనా పెట్టాల్సిందే. లేకపోతే చల్లారేటప్పుడు బంగారం, గాజు వేర్వేరుగా కుంచించుకుని రేకు వంగుతుంది, పైన బీటలు పడతాయి. తరువాతి జెనీవా పనివాళ్లు ఆఖర్న రంగులేని గాజు పొరొకటి కప్పి మెరుగుపెట్టేవాళ్లు. ఏటవాలుగా చూడండి, బొమ్మ నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది.

10 రెట్ల భూతద్దం తీసుకెళ్లకండి, వస్తువుకు రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది, అద్దాల బీరువా అడ్డం. దగ్గరి వస్తువులు చూపే చిన్న మోనోక్యులర్ (ఒంటికంటి దుర్భిణి) పనికొస్తుంది.

జెనీవా హోటళ్లు ఖరీదే, కానీ గదితోపాటు సిటీ రవాణా కార్డు ఉచితం. కోర్నవాన్ స్టేషన్ నుంచి 15వ నంబరు ట్రామ్‌లో ప్లెన్‌పలేలో దిగి నడవొచ్చు. ఆది, సోమవారాలు మ్యూజియం మూత. శనివారం ఉదయం 10కి తెరుస్తారు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం 2 తర్వాతే. భారతీయ పాస్‌పోర్టుకు బ్రిటన్ వీసా వేరు, స్విట్జర్లాండ్‌కు కావాల్సిన షెంగెన్ వీసా వేరు. ఒక్కదానికే వీలైతే షెంగెన్‌కే పెట్టుకోండి.