గ్రేడిల్‌లో వెర్షన్ గొడవలు: ఇన్‌సైట్‌కి ఫుల్ మార్కులు, డిఫాల్ట్‌కి కాదు

జావా ప్రాజెక్టుని బిల్డ్ చేసి, కావాల్సిన లైబ్రరీలు తెచ్చిపెట్టే టూల్ గ్రేడిల్. దాని బిల్డ్ ఫైల్లో మనం రాసుకునే లైబ్రరీలు నాలుగే, వాటి వెంట చుట్టాల చుట్టాలన్నట్టు దిగేవి మాత్రం లెక్కలేనన్ని. అందులో ఒకే జార్ (లైబ్రరీ ఫైల్) రెండు మూడు వెర్షన్లలో తగలడం మామూలే, చివరికి ఒక్కటే మిగలాలి కాబట్టి ఎవరో ఒకరు తేల్చాలి. మేవెన్ అనే ఇంకో బిల్డ్ టూల్‌లో అయితే, ఏది దేన్ని వెంట తెచ్చిందో చూపే ట్రీలో మనకి దగ్గరున్నదే గెలుస్తుంది, దూరం సమానమైతే ముందు రాసింది. గ్రేడిల్ ఉన్నవాటిలో పెద్ద వెర్షన్ తీసుకుంటుంది. నాకిదే నయం, మేవెన్‌లో రెండు లైన్లు అటూ ఇటూ మార్చినా రిజల్ట్ మారిపోవచ్చు, అదేం పద్ధతో!

అలాగని పెద్దదే సేఫ్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పాత లైబ్రరీ ఏదో గూగుల్ వాళ్ల గ్వావా లైబ్రరీ 18 మీద కంపైల్ అయ్యి ఆబ్జెక్ట్స్ క్లాస్‌లో టుస్ట్రింగ్‌హెల్పర్ అనే మెథడ్‌ని పిలుస్తుంటుంది, ఇంకోటి 31 అడుగుతుంది, గ్రేడిల్ చడీచప్పుడు లేకుండా 31 పెట్టేస్తుంది, ఆ మెథడేమో 21లోనే తీసేశారు. బిల్డ్ పచ్చగానే ఉంటుంది, రన్ అవుతూ ఆ లైన్ దగ్గరకొచ్చాక నోసచ్‌మెథడ్‌ఎర్రర్, అంటే పిలిచిన మెథడ్ లేదని. గొడవ కనపడితే బిల్డ్ ఆపేసే సెట్టింగ్ ఉంది గానీ పెద్ద ప్రాజెక్టులో ఆన్ చేస్తే ప్రతి చిన్న తేడాకీ ఆగుతుంది, ఓపికుంటే పెట్టుకోండి.

నేను గ్రేడిల్‌ని వదలకపోవడానికి కారణం డిపెండెన్సీఇన్‌సైట్ టాస్క్, అంటే గ్రేడిల్‌లో నడిపే ఒక కమాండ్. లైబ్రరీ పేరిస్తే చాలు, ఎవరు 18 అడిగారు, ఎవరు 31 అడిగారు, ఏది ఎందుకు గెలిచింది అన్నీ చెప్పేస్తుంది, 18 పక్కన బాణం గుర్తేసి 31 అని చూపిస్తుంది. ఒక్క తిరకాసు, జావా ప్రాజెక్టులో కాన్ఫిగరేషన్ (ఏ లైబ్రరీల గుంపు చూడాలో) చెప్పకపోతే కంపైల్ క్లాస్‌పాత్, అంటే కంపైల్‌కి వాడే లైబ్రరీల లిస్టు మాత్రమే చూస్తుంది, మన ఎర్రరేమో రన్‌టైమ్‌ది. కాబట్టి రన్‌టైమ్‌క్లాస్‌పాత్ అని విడిగా ఇవ్వండి, లేకపోతే అంతా బాగానే ఉందనిపిస్తుంది.

కారణం దొరికాక సరిచేయడం పెద్ద పని కాదు. బిల్డ్ ఫైల్లో కన్‌స్ట్రెయింట్ (వెర్షన్ మీద షరతు) రాసి, అందులో స్ట్రిక్ట్‌లీ (ఇదే వెర్షన్ కావాలి) అని పెడితే వెర్షన్ కిందకి కూడా దించుకోవచ్చు, అక్కడే బికాజ్ అని ఎందుకో ఒక ముక్క రాస్తే తర్వాత ఇన్‌సైట్‌లో అది కూడా కనిపిస్తుంది, కొత్తగా టీంలోకొచ్చినోళ్లు దండం పెడతారు. లైబ్రరీ పబ్లిష్ చేసేవాళ్లు మాత్రం స్ట్రిక్ట్‌లీతో జాగ్రత్త, ఆ పట్టు వాడుకునేవాళ్ల నెత్తిన కూడా పడుతుంది.

పేర్లు వేరై లోపల క్లాసులు ఒకటే అయిన జార్లుంటాయి చూడండి, వాటి దగ్గర ఏ వెర్షన్ రూలూ పనిచేయదు. లిజనబుల్‌ఫ్యూచర్ క్లాస్‌ని విడి జార్‌గా 1.0 అని వదిలారు, అదే క్లాస్ గ్వావా లోపల కూడా ఉంది. గ్వావా వాళ్లు ఏం చేశారంటే, అదే పేరుతో ఏమీ లేని ఖాళీ జార్ ఒకటి 9999.0-ఎంప్టీ-టు-అవాయిడ్-కాన్‌ఫ్లిక్ట్-విత్-గ్వావా అనే వెర్షన్‌తో పెట్టి గ్వావాకి డిపెండెన్సీగా (వెంట వచ్చే లైబ్రరీగా) తగిలించారు! పెద్ద వెర్షనే గెలిచే గ్రేడిల్‌లో 1.0 దానంతటదే పోతుంది, అసలు జార్ ఎటు పోయిందని కంగారు పడొద్దు. మిగతా ఇలాంటి జంటలకి కెపాబిలిటీ అనే ఫీచర్ ఉంది, ఈ రెండు జార్లూ ఒకే పనికి అని అందులో మనమే రాసిపెడితే రెండూ ఒకేసారి వచ్చినప్పుడు గ్రేడిల్ బిల్డ్ ఆపి ఏది కావాలో తేల్చుకోమంటుంది.